బుధవారం మీటింగ్‌కు పని దొరికింది: హనుమకొండలో ఒక సేవా క్లబ్ కేస్ స్టడీ

నేపథ్యం

ఈ క్లబ్ హనుమకొండ, కాజీపేట ప్రాంతంలోనిది. పేరు చెప్పను, ఎప్పుడు పెట్టారో చెప్పను, కొందరి వృత్తులు కూడా మార్చి రాస్తున్నాను. రోటరీకో లయన్స్‌కో అనుబంధం కాదు. సొసైటీగా రిజిస్టరైన స్థానిక సంఘం. పద్ధతులు మాత్రం ఆ పెద్ద సంస్థలను చూసి పెట్టుకున్నవే. అధ్యక్షుడి మెడలో పదవి గుర్తుగా వేసుకునే కాలర్, బల్ల మీద గంట, ప్రతి బుధవారం రాత్రి ఏడున్నరకు మీటింగ్, రానివాళ్ళకు జుర్మానా, ఏడాదికోసారి కొత్త అధ్యక్షుడి ప్రమాణ స్వీకారం. సభ్యులు అరవై మందికి పైనే ఉన్నారు. డాక్టర్లు, లెక్చరర్లు, బీమా ఏజెంట్లు, ఎనుమాముల వ్యవసాయ మార్కెట్‌లో రైతుల పంట అమ్మిపెట్టే అడ్తిదారులు, రిటైరైన రైల్వే ఉద్యోగులు, ఓ పది మంది మహిళలు.

చేసే కార్యక్రమాలకు లోటు లేదు. జూన్‌లో సర్కారు బడి పిల్లలకు నోటు పుస్తకాలు, ఆగస్టు 15న మెగా రక్తదాన శిబిరం, అక్టోబర్ 2న చీపుర్లు పట్టుకుని ఫోటో, చలికాలంలో దుప్పట్లు, మేడారం జాతర వచ్చిన ఏడాది దారిలో మంచినీళ్ళ శిబిరం. పేపర్ కటింగులు అతికించిన ఆల్బమ్ నాలుగు వేళ్ళ మందం ఉంది.

సేవా సంఘాల ఆఫీస్ బేరర్లకు శిక్షణ ఇవ్వడం, తగాదాలొస్తే కూర్చుని మాట్లాడించడం నేను చాలాకాలంగా చేస్తున్న పని. ఆ లెక్కనే నన్ను పిలిచారు.

వచ్చిన సమస్య

అధ్యక్షుడు చెప్పింది ఒక్కటే ముక్క. "సార్, మీటింగుకు ఎవ్వరూ వస్తలేరు. అటెండెన్స్ పెంచే ట్రైనింగ్ ఏమన్న ఇయ్యుండ్రి."

అరవై మందిలో వారం వారం పన్నెండు, పదిహేను మంది వస్తున్నారు. అందులో సగం ఎనిమిదింపావుకు, అంటే టిఫిన్ వేళకు వస్తారు. పెళ్ళిళ్ళ ముహూర్తాలున్న వారం ఏడెనిమిది మందే. ప్రమాణ స్వీకారం రోజు మాత్రం కుటుంబాలతో సహా హాలు నిండుతుంది. క్లబ్ అంటే ఇష్టం లేక రావడం లేదనుకోవడానికి ఆస్కారం లేదు. చందాలు సరిగ్గా కడుతున్నారు, శిబిరం రోజు పొద్దున్నే ఆరింటికి వచ్చి టెంటు తాళ్ళు లాగుతున్నారు. బుధవారం మాత్రం రారు.

ట్రైనింగ్ సంగతి పక్కనపెట్టి ముందు మినిట్స్ పుస్తకం అడిగాను. ఏ సంఘంలోనైనా నేను మొదట చదివేది అదే. మనుషులు తమ గురించి తాము చెప్పేదాని కన్నా ఎక్కువ అందులో ఉంటుంది. కార్యదర్శిది ముత్యాల్లాంటి దస్తూరి. ప్రతి పేజీ ఒకేలా మొదలవుతుంది: "అధ్యక్షుల వారు సభ్యులకు సాదర స్వాగతం పలికినారు." పుట్టినరోజులు, పెళ్ళిరోజులు ఉన్నవాళ్ళకు శుభాకాంక్షలు. వచ్చిన అతిథి పరిచయం, శాలువా. "వందన సమర్పణతో సభ ముగిసినది." పెన్సిల్ పట్టుకుని "తీర్మానించడమైనది" అన్న మాట ఎక్కడ వస్తుందా అని వెతికాను. ఏడాది మొత్తంలో వేళ్ళ మీద లెక్కపెట్టేన్ని చోట్ల ఉంది. అవి కూడా జూన్, ఆగస్టు శిబిరాలకు ముందు వారాల్లోనే. అక్కడ కూడా ముగ్గురు ఆఫీస్ బేరర్లు ఫోన్లో అనుకున్నదాన్ని మీటింగులో చదివి వినిపించారు, అంతే.

నాకు అర్థమైంది ఇది. ఈ క్లబ్ పనులన్నీ ఏడాదికోసారి వచ్చేవి. మీటింగ్ మాత్రం వారానికోసారి. మధ్యలో ఉన్న నలభైకి పైగా బుధవారాలకు పని లేదు. పని లేనిచోటికి ఓపీ మూసుకుని డాక్టర్, దుకాణం షట్టర్ దించి సేటు ఎందుకొస్తారు?

ఈ మాట నేను వెంటనే చెప్పలేదు. అప్పటికే వాళ్ళు కొన్ని ప్రయత్నాలు చేసి ఉన్నారు, ఇంకొన్ని చేద్దామనుకుంటున్నారు. వాటి ఫలితం చూడకుండా ఈ మాట వాళ్ళకు రుచించదు.

చేసి చూసినవి

మొదటిది జుర్మానా పెంచడం. రాకపోతే వారానికి యాభై రూపాయలు. నెల తిరక్కముందే ఒక అడ్తిదారు కోశాధికారి దగ్గరికొచ్చి ఏడాది మొత్తానికి లెక్కగట్టి ఒకేసారి ఇచ్చేశాడు. "మిర్చి సీజన్ల నేనెట్లాగూ రాను భాయ్, రాసుకో." ఆయన్ని చూసి ఇంకో నలుగురు కట్టారు. జుర్మానా రాకపోవడానికి టికెట్ అయిపోయింది. అంతకుముందు రానందుకు కాస్త మొహమాటపడేవాళ్ళు, డబ్బు కట్టాక అదీ పోయింది. స్టీలు డబ్బా మాత్రం నిండింది.

రెండోది రోజు, వేళ మార్చడం. ఆదివారం పొద్దున ఏడింటికి పార్కులో పెట్టారు. వాకింగ్ చేసే రిటైరైన వాళ్ళు సంబరంగా వచ్చారు. మహిళా సభ్యులు ఒక్కరూ రాలేదు. "ఆదివారం పొద్దుగాల ఇంట్ల టిఫిన్ ఎవరు చేస్తరు అన్నా, మీరొచ్చి చేస్తరా?" అని ఒకామె అడిగితే ఎవరి దగ్గరా జవాబు లేదు. మళ్ళీ బుధవారానికే వచ్చారు.

మూడోది పెద్ద పెద్ద వక్తలను పిలవడం. ఇది బాగా ఆశపెట్టిన ప్రయత్నం. కాకతీయుల చెరువుల మీద ఒక ప్రొఫెసర్ మాట్లాడిన వారం హాలు నిండింది. అయితే నిండింది ఆయన విద్యార్థులతో. సభ్యులు వచ్చి కూర్చున్నారు, విన్నారు, చప్పట్లు కొట్టారు, వెళ్ళిపోయారు. ఉపన్యాసం బాగుంటే వచ్చేవారం ఇంకా మంచిది కావాలి. మనూళ్ళో వారానికో మంచి వక్తను ఎక్కడినుంచి తెస్తారు? కార్యదర్శికి ప్రతి మంగళవారం రాత్రి టెన్షనే.

నాలుగోది నెలకు రెండుసార్లకు తగ్గించడం. ఇక్కడ వాదన గట్టిగా జరిగింది. ఒక లెక్చరర్ చరిత్ర తీశారు. 1905 ఫిబ్రవరి 23న చికాగోలో నలుగురితో మొదలైన రోటరీ, సభ్యుల ఆఫీసుల్లో వంతులవారీగా కలుసుకోవడం వల్ల ఆ పేరు పెట్టుకుంది. వారం వారం కలవడమే దాని గుర్తు. అలాంటి రోటరీ కూడా 2016లో నిబంధన సడలించి, నెలకు కనీసం రెండుసార్లు కలిస్తే చాలని క్లబ్బులకు వెసులుబాటు ఇచ్చింది. వాళ్ళే తగ్గించుకుంటే మనకెందుకు ఈ పట్టుదల అని ఆయన ప్రశ్న. నిజమే, వినదగ్గ వాదనే. తగ్గించి చూశారు. వచ్చేవాళ్ళ సంఖ్య పెరగలేదు. పైగా ఒక మీటింగ్ తప్పిన మనిషి మళ్ళీ కనిపించేసరికి నెల అయ్యేది. ఏం జరుగుతోందో తెలియక, తెలియనిచోట కూర్చోవడం ఇష్టంలేక, మూడోసారి అసలు రావడమే మానేశారు కొందరు. ఎన్నిసార్లు కలవాలన్నది అసలు ప్రశ్న కాదని అక్కడ అందరికీ తేలిపోయింది.

మలుపు

మలుపు తెచ్చింది ఒక ల్యాబ్ టెక్నీషియన్. క్లబ్‌లో చేరి ఎక్కువ రోజులు కాలేదు. మీటింగుల్లో వెనక కుర్చీలో కూర్చునే మనిషి. ఆగస్టు శిబిరం ఎంత ఘనంగా జరిగిందో లెక్కలు చదువుతుంటే లేచి, "అధ్యక్షా, ఆ రక్తం మే నెల దాకా ఉండదు కదా," అన్నాడు.

అక్కడున్న డాక్టర్లకు ఈ విషయం తెలియదని కాదు, ఎవరూ మీటింగులో ఎత్తలేదు. రక్తాన్ని భాగాలుగా విడదీశాక ఎర్రకణాలు సరైన ద్రావణంలో, 2 నుంచి 6 డిగ్రీల చలిలో పెడితే 42 రోజుల వరకు పనికొస్తాయి. విడదీయని రక్తం మామూలుగా 35 రోజులు. ప్లేట్‌లెట్లు 5 రోజులే. ఒకేరోజు రెండొందల మంది ఇస్తే ఆ వారం ఫ్రిజ్‌లు నిండుతాయి, సెప్టెంబర్ చివరికి ఖాళీ. కాలేజీలకు సెలవులిచ్చే ఏప్రిల్, మే నెలల్లో శిబిరాలుండవు, ఎండలకు ఎవరూ ముందుకు రారు. ఆపరేషన్లు మాత్రం ఆగవు, ప్రసవాలు ఆగవు.

అన్నిటికన్నా థలసీమియా పిల్లలు, అంటే ఒంట్లో రక్తం సరిగా తయారవని జబ్బుతో పుట్టినవాళ్ళు. వాళ్ళకు రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాల్సిందే, అదీ జీవితాంతం. వీలైనంత తాజా రక్తమైతే మేలు. ఏజెన్సీ ఊళ్ళ నుంచి బస్సెక్కి వచ్చే తండ్రి ఆరోజు కూలి పోగొట్టుకుని, పిల్లను తల్లి ఒళ్ళో పెట్టి, బదులు రక్తమిచ్చే మనిషి కోసం ఆసుపత్రి బయట చాయ్ బండి దగ్గర అడుక్కోవాలి. అతనికి ఆగస్టు 15 శిబిరం దేనికి పనికొస్తుంది?

మేం కొందరం బ్లడ్ బ్యాంక్ డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాం. ఆమె సూటిగా చెప్పారు: "రెండొందల మందిని ఒకరోజు తేకండి సార్. వారానికి ఆరుగురిని పంపండి, ఏడాదంతా పంపండి."

వారానికి. ఈ క్లబ్‌కు వారం వారం వచ్చే పని అదే మొదటిది.

ఏం చేశారు, ఎందుకలా చేశారు

లెక్క ముందు వేసుకున్నాం. వారానికి ఆరు యూనిట్లంటే ఏడాదికి 312. మగవాళ్ళు 90 రోజులకోసారి, ఆడవాళ్ళు 120 రోజులకోసారి ఇవ్వొచ్చు. నిబంధన ఒప్పుకున్నంత మాత్రాన ఎవరూ ఏడాదికి నాలుగుసార్లు రారు. రెండుసార్లు వస్తారనుకుంటే 156 మంది పేర్లు కావాలి. వయసు 18 నిండాలి, బరువు 45 కిలోలకు తగ్గకూడదు, హిమోగ్లోబిన్ 12.5 ఉండాలి. ఈ చివరి దగ్గరే చాలామంది, ముఖ్యంగా ఆడవాళ్ళు, వెనక్కి వస్తారు. కాబట్టి ఆరుగురు కావాలంటే పదిమందికి ఫోన్ చేయాలి. అలా దాదాపు రెండున్నర వందల పేర్ల రిజిస్టర్ తేలింది. శిబిరాల్లో పాత ఫారాలు అటక మీద ఉన్నాయి, అక్కడినుంచి మొదలుపెట్టారు.

ఒక యాప్ చేయిద్దామన్నారు యువ సభ్యులు. నేను వద్దన్నాను. యాప్ ఉంటే ఎవరి ఇంట్లో వాళ్ళు కూర్చుని చూసుకుంటారు, మళ్ళీ మీటింగ్ ఖాళీ. పెద్ద లెడ్జర్ ఒకటి కొన్నారు. పేరు, గ్రూపు, చివరిసారి ఇచ్చిన తేదీ, మళ్ళీ ఇవ్వగలిగే తేదీ, ఎవరు పిలవాలి. ప్రతి బుధవారం గంట కొట్టగానే స్వాగతోపన్యాసం లేదు. లెడ్జర్ తెరిచి పోయిన వారం ఎవరెవరు వెళ్ళారు, ఈ వారం తేదీ వచ్చినవాళ్ళు ఎవరు అని చదవాలి. ఒక్కో సభ్యుడి కింద ఎనిమిది, పది పేర్లు. ఆయన రాకపోతే ఆ పేర్లు ఎవరు తీసుకోవాలో అక్కడే తేలాలి. రానివాడి పని పక్కవాడి మీద పడుతుందన్నమాట. జుర్మానా చేయలేనిది ఇది చేసింది. "నా పది మందిని నువ్వు పిలిచినవట గదా డాక్టర్ సాబ్, ఈసారి నేనే వస్త" అని ఆ అడ్తిదారే అన్నాడు, ఏడాది జుర్మానా ముందే కట్టినాయన.

చిక్కులు వచ్చాయి. వాటి దగ్గర కాస్త ఆగాలి.

ఒకటి, మార్కెట్ హమాలీలు. వందల మంది, దృఢమైన మనుషులు, ఒక్క మాట చెబితే వస్తారని ఒక సేటు ప్రతిపాదన. ల్యాబ్ టెక్నీషియన్ అడ్డం పడ్డాడు. రక్తమిచ్చాక ఒక రోజంతా బరువులు ఎత్తొద్దని చెప్పి పంపుతాం, బస్తాలు మోసే మనిషి ఆ మాట వింటే కూలి పోతుంది, వినకపోతే కళ్ళు తిరిగి పడతాడు. దానికన్నా లోతైన అభ్యంతరం ఇంకోటి ఉంది. సేటు పిలిస్తే హమాలీ కాదనలేడు. కాదనలేని మనిషి ఇచ్చింది స్వచ్ఛంద దానం ఎట్లా అవుతుంది? డబ్బిచ్చి రక్తం తీసుకోవడాన్ని మన దేశంలో 1998 జనవరి నుంచి ఆపేసింది ఎందుకో డాక్టర్లు వివరించారు: అవసరంలో ఉన్నవాడు తన జబ్బు దాచి ఇస్తాడు. యజమానికి భయపడినవాడూ దాస్తాడు. అందుకని ఒక నియమం పెట్టుకున్నారు. తన దగ్గర జీతానికి పనిచేసేవాళ్ళను ఏ సభ్యుడూ పిలవకూడదు. వాళ్ళంతట వాళ్ళు వస్తామంటే వేరే సభ్యుడి కింద పేరు రాసుకోవాలి, మర్నాడు సెలవున్న రోజే పంపాలి. లిస్టు దీనివల్ల కొంత తగ్గింది. తగ్గనీ.

రెండోది, వెనక్కి పంపినవాళ్ళ సంగతి. మొదటి వారాల్లో "ఫలానా ఆయన్ని రిజెక్ట్ చేసిన్రు" అని మీటింగులో గట్టిగా చదివారు. ఎందుకని ఎవరో అడిగారు, ఇంకెవరో ఊహించి చెప్పారు. హెచ్‌ఐవీ, హెపటైటిస్ బీ, సీ, సిఫిలిస్, మలేరియా పరీక్షలు తప్పనిసరిగా చేసేచోట అలాంటి ఊహ ఒక మనిషి పరువు తీస్తుంది. చాలాసార్లు అసలు కారణం రాత్రి నిద్ర చాలకపోవడమో, ఏదో మందు వాడుతుండటమో. వెంటనే మార్చారు. లెడ్జర్‌లో "ఈసారి కాదు" అని, మళ్ళీ ఎప్పుడు అడగొచ్చో తేదీ, అంతవరకే రాయాలి. కారణం బ్లడ్ బ్యాంక్‌కు, ఆ మనిషికి మధ్యే ఉండాలి. పిలిచిన సభ్యుడు కూడా అడగకూడదు.

మూడోది అధ్యక్షుడి బాధ. దాతలు ఇద్దరు ముగ్గురుగా తమ వీలు చూసుకుని వెళ్ళి ఇచ్చి వస్తున్నారు. టెంటు లేదు, బ్యానర్ లేదు. "ఫోటో లేకపోతే పేపర్ల ఎట్ల వస్తది సార్? నా ఏడాది ఏమిటికి గుర్తుంటది?" ఇది చిన్న విషయంగా కొట్టిపారేయొద్దని నా అభిప్రాయం. జేబులోంచి ఖర్చు పెట్టి ఏడాది తిరిగే మనిషికి గుర్తింపు కావాలనిపించడం తప్పు కాదు. ఆగస్టు శిబిరం ఆపలేదు. ఎన్ని యూనిట్లు వాడుకోగలరో బ్లడ్ బ్యాంక్‌ను ముందే అడిగి, అంతవరకే తీసుకున్నారు. మిగతావాళ్ళకు జ్యూస్ ప్యాకెట్ ఇచ్చి, "మీ వంతు అక్టోబర్ రెండో వారం" అని చీటీ రాసిచ్చారు. ఎదురుచూసి వచ్చిన కొందరు కోపం తెచ్చుకుని వెళ్ళిపోయారు. ఉన్నవాళ్ళు లెడ్జర్‌లోకి ఎక్కారు. ఫోటో కూడా పేపర్లో వచ్చింది.

నాలుగోది పదవీకాలం. అధ్యక్షుడు ఏడాదికి మారతాడు. కొత్తాయన కొత్త పథకం తెస్తాడు, పాతది అటకెక్కుతుంది. అన్ని సేవా క్లబ్బుల్లో ఉన్న జబ్బే ఇది. అందుకని జనరల్ బాడీలో బైలాస్ సవరించి, లెడ్జర్ కన్వీనర్ అని వేరే పదవి పెట్టారు. గడువు మూడేళ్ళు, అధ్యక్షుడితో పాటు మారదు. ఈ తీర్మానం పాస్ కావడానికే ఎక్కువ సమయం పట్టింది. మాజీ అధ్యక్షులు అడ్డుపడతారనుకున్నాం. తమ కాలంలో మొదలుపెట్టినవి ఎట్లా ఆగిపోయాయో వాళ్ళకే బాగా తెలుసు కాబట్టి, వాళ్ళే నిలబడ్డారు.

ఫలితం

హాజరు పన్నెండు, పదిహేను నుంచి ముప్పై దరిదాపులకు వచ్చి నిలిచింది. అరవై ఎప్పుడూ కాలేదు, కాదు కూడా. సభ్యత్వం తగ్గింది. ప్రమాణ స్వీకారానికి మాత్రమే వచ్చే కొందరు ఫోన్ల పని చూసి రాజీనామా ఇచ్చారు. అధ్యక్షుడు కంగారుపడితే కోశాధికారి లెక్క చూపించాడు, చందాలు తగ్గినా హోటల్ టిఫిన్ల ఖర్చు అంతకన్నా ఎక్కువ తగ్గింది. మీటింగ్ ఇప్పుడు ఒక సభ్యుడి ట్యుటోరియల్ గదిలో జరుగుతుంది. చాయ్, బిస్కెట్. ఆదివారం టిఫిన్ ఎవరు చేస్తారని అడిగిన మహిళా సభ్యురాలు ఇంటి నుంచి సర్వపిండి తెచ్చిన రోజు హాజరు కాస్త ఎక్కువ, అదీ రాయాలి కదా.

వారానికి ఆరు అన్నది అన్ని వారాలూ కుదరలేదు. బతుకమ్మ, దసరా రోజుల్లో రెండు మూడు వారాలు ఇద్దరు ముగ్గురే. ఫిబ్రవరి, మార్చిలో మిర్చి రాక మొదలయ్యాక అడ్తిదారుల పేర్లన్నీ రిటైరైన రైల్వే మిత్రుల మీద పడ్డాయి. ఏప్రిల్, మే నెలల్లో మాత్రం లిస్టు ఆగలేదు. ఎండ తగలకుండా పొద్దున తొమ్మిదికే పంపారు, ముందురోజు రాత్రి ఫోన్ చేసి నీళ్ళు బాగా తాగమని చెప్పారు. డాక్టరమ్మ ఆ వేసవిలో ఒక బుధవారం తనే మీటింగుకు వచ్చారు. శాలువా తెచ్చారు మనవాళ్ళు, అలవాటు కొద్దీ. ఆమె దాన్ని పక్కన పెట్టి ఓ నెగటివ్ వాళ్ళు ఇంకెందరున్నారని లెడ్జర్ అడిగారు.

ఇదే పద్ధతి మీద

ఇది విని జిల్లాలో ఇంకో సంఘం వాళ్ళు వచ్చారు. వాళ్ళది కంటి శిబిరాల క్లబ్. లెడ్జర్ పెట్టారు, గంట కొట్టి పేర్లు చదివారు, మూడు నెలల్లో ఆగిపోయింది. కంటి శిబిరం వాళ్ళకు ఏడాదికి మూడు నాలుగుసార్లే. ఆపరేషన్ అయినవాళ్ళ చుక్కల మందు, అద్దాలు చూసుకునే పని కూడా నెలా రెండు నెలల్లో అయిపోతుంది. ఆ తర్వాత లెడ్జర్‌లో చదవడానికి పేరు లేదు. నేను వాళ్ళతో ఇప్పుడు మాట్లాడుతున్నది లెడ్జర్ గురించి కాదు. వాళ్ళ సభ్యుల్లో చాలామంది టీచర్లు. దగ్గర్లో సర్కారు హాస్టళ్ళున్నాయి, అక్కడ లెక్కలు, ఇంగ్లిష్ చెప్పేవాళ్ళు లేరు. అది వారం వారం పని. అయితే పరీక్షలు కాగానే పిల్లలు ఊళ్ళకు పోతారు, ఎండాకాలం రెండు నెలలు ఏం చేయాలన్నది ఇంకా తేలలేదు. ఆ రెండు నెలలు నెలకోసారి కలుద్దామని వాళ్ళలో కొందరు, అసలు మీటింగే వద్దని కొందరు. వచ్చే జనరల్ బాడీలో పెడతారట.